గంట బిగిస్తే చాలదు.. పత్రమూ పొందాలి
అగ్నిప్రమాద హెచ్చరిక వ్యవస్థల అనుమతులు ఎవరికి, ఎప్పుడు, ఎలా?

మండల కేంద్రాల్లో సైతం మూడు, నాలుగు అంతస్తుల భవనాలు వెలుస్తున్నాయి. కింద బట్టల దుకాణం, పైన శిక్షణ కేంద్రం, ఆపైన వసతిగృహం.. ఇదీ వరస. నిర్మాణానికి లక్షలు, కోట్లు వెచ్చించే యజమానులు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం సంగతి మాత్రం నోటీసు చేతికందాకే ఆలోచిస్తున్నారు. అప్పటికప్పుడు నాలుగు ఎర్ర సిలిండర్లు, ఒక గంట, రెండు మీటలు తెచ్చి గోడకు బిగించి 'మాకూ అలారం ఉంది' అని చూపిస్తున్నారు. అలా తగిలించిన గంటకు చట్టం దృష్టిలో విలువ లేదు. ఆపద వేళ అది మోగుతుందన్న భరోసా అంతకన్నా లేదు.

పాఠశాల, ఫంక్షన్ హాలు, నర్సింగ్ హోం, వసతిగృహం, సినిమాహాలు, అపార్ట్‌మెంటు.. వీటిలో దేనికి ఏ అనుమతి అవసరం, హెచ్చరిక వ్యవస్థను ఎవరు అమర్చాలి, ఎవరు పరీక్షించాలి అన్న విషయాలపై భవన యజమానుల్లోనే కాదు, నిర్మాణ గుత్తేదారుల్లోనూ అయోమయం ఉంది. దళారుల వ్యాపారం సాగేది ఆ అయోమయం మీదే. అందుకే నిబంధనల వివరాలను ఒకచోట ఇస్తున్నాం.

చట్టం ఏమంటోంది?

రెండు తెలుగు రాష్ట్రాలకూ మూలం ఒక్కటే. 1999 నాటి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం (1999లోని 40వ చట్టం). 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ కూడా దీనినే అన్వయించుకుంది. రుసుముల వసూలు, అత్యవసర సేవల నిర్వహణకు సంబంధించి 2006లో నియమావళి వచ్చింది.

చట్టంలోని 13వ సెక్షన్ అసలు కీలకం. వ్యాపార, వాణిజ్య అవసరాలకు 15 మీటర్లకు మించి కట్టే భవనం, నివాసానికి 18 మీటర్లు, ఆపై ఎత్తున కట్టే భవనం, పాఠశాలలు, సినిమాహాళ్లు, ఫంక్షన్ హాళ్లు, ప్రార్థనా స్థలాల వంటి జనం గుమిగూడే భవనాల్లో స్థలం 500 చదరపు మీటర్లు దాటినవి లేదా ఎత్తు 6 మీటర్లు, ఆపై ఉన్నవి.. వీటిని నిర్మించదలచిన వారు పురపాలక సంఘానికో, పంచాయతీకో ప్లాను సమర్పించక మునుపే అగ్నిమాపక శాఖ డైరెక్టర్ జనరల్‌కు గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారికి గానీ దరఖాస్తు చేసుకోవాలి.

ఈ కొలతలను మన లెక్కల్లోకి మార్చి చూస్తేనే అసలు విషయం బోధపడుతుంది. 500 చదరపు మీటర్లంటే దాదాపు 598 గజాలు. కోస్తా, రాయలసీమ లెక్కలో పన్నెండు సెంట్ల పైచిలుకు, తెలంగాణ లెక్కలో ఇంచుమించు ఐదు గుంటలు. 6 మీటర్లంటే సుమారు 20 అడుగులు. కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు వేసి పిట్టగోడ కట్టే సరికి ఆ ఎత్తుకు అటూఇటూగా చేరినట్లే. అంటే పల్లెల్లో సైతం అర ఎకరంలో రేకులతో వేసిన కల్యాణ మండపం, రెండంతస్తుల ప్రైవేటు పాఠశాల ఈ సెక్షన్ పరిధిలోకే వస్తాయి. 'మాది అంత పెద్ద భవనం కాదు, మాకెందుకు?' అన్న వాదన వాణిజ్య సముదాయానికి కొంత చెల్లుతుందేమో గానీ, పిల్లలు కూర్చునే బడికి, పెళ్లి జనం చేరే హాలుకు చెల్లదు. స్థలం లేదా ఎత్తు.. ఈ రెంటిలో ఏ ఒక్కటి దాటినా పత్రం పొందవలసిందే.

ఆస్పత్రుల సంగతి కొంత వేరు. ప్రైవేటు వైద్యశాలల నమోదు సమయంలో అగ్నిమాపక భద్రతకు సంబంధించిన ఆధారాన్ని వైద్య, ఆరోగ్య శాఖ అడుగుతుంది. కనుక ఎత్తు తక్కువేనని నర్సింగ్ హోం యజమాని ఊరకుంటే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ దగ్గర ఆగవలసి వస్తుంది.

మూడు మెట్ల అనుమతి

నిరభ్యంతర పత్రం అంటే ఒకే కాగితమని చాలామంది అనుకుంటారు. నిజానికి మూడు దశలున్నాయి.

మొదటిది తాత్కాలిక పత్రం. భవనం పునాది పడకముందే తీసుకోవలసినది ఇది. స్థలం ప్లాను, ప్రతి అంతస్తు ప్లాను, నిలువుకోత చిత్రం, చుట్టూ వదిలే ఖాళీ స్థలం, ముందున్న రహదారి వెడల్పు, మెట్ల సంఖ్య, నీటి తొట్టెల సామర్థ్యం చూపే పటాలను అర్హుడైన వాస్తుశిల్పి సంతకంతో జతపరచి, రుసుము చెల్లించి, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. అధికారులు స్థలాన్ని పరిశీలిస్తారు. అగ్నిమాపక శకటం భవనం చుట్టూ తిరగగలదా, లేదా అన్నది వారు ముందుగా చూసే అంశం. ఆ తరువాత ఏయే పరికరాలు ఎక్కడెక్కడ ఉండాలో షరతుల రూపంలో రాసి పత్రం ఇస్తారు. హెచ్చరిక వ్యవస్థ ఏ రకానిది ఉండాలన్నది కూడా ఆ షరతుల్లోనే ఉంటుంది. ఎత్తును బట్టి కొన్ని దరఖాస్తులు జిల్లా స్థాయిలో, మరికొన్ని రాష్ట్ర ప్రధాన కార్యాలయంలో పరిష్కారమవుతాయి.

రెండవది స్వాధీన దశ పత్రం. నిర్మాణం పూర్తయి, పరికరాలన్నీ అమర్చిన తరువాత మళ్లీ దరఖాస్తు చేయాలి. అధికారులు వచ్చి పంపులు నడిపి, గొట్టాల్లో నీటి ఒత్తిడి చూసి, హెచ్చరిక గంటలు మోగించి, మొదటి పత్రంలోని షరతులతో ఒక్కొక్కటిగా సరిచూస్తారు. ఇది చేతికి వస్తేనే పురపాలక సంఘం స్వాధీన ధ్రువపత్రం ఇవ్వాలి. మన పట్టణాల్లో ఎక్కువ భవనాలు తప్పిపోయే మెట్టు సరిగ్గా ఇదే. తాత్కాలిక పత్రం ఫ్రేము కట్టించి గోడకు తగిలించి, 'మాకు అనుమతి ఉంది' అని ఏళ్ల తరబడి చెప్పుకొనే యాజమాన్యాలున్నాయి. అది కట్టుకోవడానికి ఇచ్చిన అనుమతే తప్ప, జనాన్ని లోపలికి రానిచ్చేందుకు ఇచ్చినది కాదు.

మూడవది పునరుద్ధరణ. పత్రంపై గడువు తేదీ రాసి ఉంటుంది. ఆ తేదీకి ముందే దరఖాస్తు చేస్తే తనిఖీ, దిద్దుబాట్లకు వ్యవధి దొరుకుతుంది. పాఠశాలల విషయంలో గుర్తింపు గడువు, అగ్నిమాపక పత్రం గడువు వేర్వేరు నెలల్లో ముగుస్తుంటాయి గనుక రెండింటినీ ఒకే దస్త్రంలో పెట్టుకోవడం మేలు.

ఏ భవనానికి ఏ గంట?

అగ్నిమాపక శాఖ అధికారులు పరికరాలను నిర్ణయించేది సొంత ఊహతో కాదు. భారత ప్రమాణాల సంస్థ 2016లో వెలువరించిన జాతీయ భవన నిర్మాణ స్మృతి నాలుగో భాగం వారికి ప్రమాణం. అందులో భవనాలను వాడకాన్ని బట్టి వర్గాలుగా విభజించారు. నివాస భవనాలు, వసతిగృహాలు, హోటళ్లు 'ఎ', విద్యాసంస్థలు 'బి', ఆస్పత్రుల వంటివి 'సి', సభాస్థలాలు, సినిమాహాళ్లు, ఫంక్షన్ హాళ్లు 'డి', కార్యాలయాలు 'ఇ', దుకాణాలు 'ఎఫ్', పరిశ్రమలు 'జి', గోదాములు 'హెచ్', ప్రమాదకర పదార్థాల భవనాలు 'జె'. వర్గం, ఎత్తు, విస్తీర్ణం.. ఈ మూడూ తెలిస్తే స్మృతిలోని ఏడో పట్టికలో ఆ భవనానికి ఏమేమి ఉండాలో దొరుకుతుంది.

హెచ్చరిక వ్యవస్థలను ఆ పట్టిక రెండు రకాలుగా చూపుతుంది. ఒకటి చేతితో నడిపేది. మంటను చూసిన మనిషి గోడకున్న ఎర్రపెట్టె అద్దం పగులగొట్టి మీట నొక్కితే భవనమంతా గంట మోగుతుంది. రెండవది తనంతట తానే పసిగట్టేది. పైకప్పుకు అమర్చిన డిటెక్టర్లు పొగనో, వేడినో గుర్తించి కంట్రోలు ప్యానెల్‌కు సంకేతం పంపుతాయి. మనుషులు మెలకువగా, చురుగ్గా ఉండే చోట మొదటిది కొంతవరకు సరిపోతుంది. జనం నిద్రపోయే చోట, మంచంపై నుంచి లేవలేని రోగులుండే చోట, మనిషి అడుగుపెట్టని గోదాములో మీట నొక్కేదెవరు? పట్టికలో రెండు నిలువు వరుసలు విడిగా ఉండటానికి కారణం అదే.

వ్యవస్థను ఎలా అమర్చాలో చెప్పే ప్రమాణం మరొకటి ఉంది. ఐఎస్ 2189. అమర్చే సంస్థతో మాట్లాడేటప్పుడు యజమాని ఈ సంఖ్యను గుర్తుంచుకుంటే చాలు, సగం మోసం ఆగిపోతుంది. 'ఐఎస్ 2189 ప్రకారం చేసి, అలా చేసినట్లు రాసివ్వండి' అంటే పనితనం లేనివారు ఆ గుమ్మం ఎక్కరు.

ఆ ప్రమాణంలో సామాన్యులు సైతం సరిచూసుకోగల అంశాలున్నాయి. మీట పెట్టె నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున, అందరికీ కనిపించేలా, ముఖ్యంగా బయటకు వెళ్లే దారుల్లో ఉండాలి. గంట శబ్దం 65 డెసిబెల్స్‌కు తగ్గకూడదు, లేదా చుట్టూ ఉండే రొద కన్నా కనీసం 5 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలి. నిద్రపోయే గదుల్లో మంచం తల వద్ద 75 డెసిబెల్స్ వినిపించాలి. వరండా చివర ఒకే ఒక గంట పెట్టి, నలభై గదుల వసతిగృహానికి అదే చాలుననుకుంటే ఈ లెక్క కుదరదు. తలుపులు మూసి, ఫ్యాను వేసుకుని పడుకున్న విద్యార్థి చెవికి అది చేరుతుందో లేదో ఒక రాత్రి మోగించి చూసుకోవచ్చు. ఫాల్స్ సీలింగ్ పైన 800 మిల్లీమీటర్లకు మించిన ఖాళీ ఉంటే దాని లోపలా డిటెక్టర్లు ఉండాలి. తీగలన్నీ నడిచేది ఆ ఖాళీలోనే కదా.

డిటెక్టర్ల ఎంపిక కూడా అంత తేలిక కాదు. వంటగదిలో పొగను పసిగట్టే డిటెక్టరు పెడితే తాలింపు వేసిన ప్రతిసారీ గంట మోగుతుంది. వారం తిరిగేసరికి ఎవరో ఒకరు దానిని పీకేస్తారు. అక్కడ వేడిని పసిగట్టేది ఉండాలి. పత్తి జిన్నింగు మిల్లులు, పిండి మరలు, బియ్యం మిల్లుల్లో ధూళిని పొగగా భ్రమించి మామూలు డిటెక్టర్లు తప్పుడు సంకేతాలిస్తాయి. మిర్చి, పత్తి నిల్వలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఈ తేడా తెలిసినవారితోనే పని చేయించుకోవాలి. ఏసీ గాలి నేరుగా తగిలే చోట బిగిస్తే పొగ దగ్గరకు చేరకముందే చెదిరిపోతుంది.

ఎవరు బిగించాలి? ఏ లైసెన్సు చూడాలి?

మహారాష్ట్రలో 2006 నాటి చట్టం ప్రకారం లైసెన్సు పొందిన సంస్థలే అగ్నిమాపక పరికరాలను అమర్చాలి. అవి సక్రమంగా పనిచేస్తున్నట్లు ఏటా జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి 'బి' ఫారంలో ధ్రువీకరణ ఇవ్వాలి. గుజరాత్ 2021 నుంచి శిక్షణ పొందిన ప్రైవేటు అగ్ని భద్రతాధికారులతో తనిఖీ చేయించి ధ్రువీకరణ ఇప్పించే విధానం తెచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో యజమాని మొదట చేయవలసిన పని, తాను ఎంచుకున్న సంస్థకు శాఖ గుర్తింపు ఉన్నదీ లేనిదీ జిల్లా అగ్నిమాపక అధికారి కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం. అడగడానికి రుసుము లేదు. సందేహించవలసిన పనీ లేదు.

రెండో లైసెన్సు విద్యుత్తుది. దీనిని ఎక్కువమంది విస్మరిస్తున్నారు. డిటెక్టర్లకు వెళ్లే తీగల్లో ప్రవహించేది 24 వోల్టుల విద్యుత్తే అయినా, కంట్రోలు ప్యానెల్‌కు అందేది 230 వోల్టులు. పంపుల సంగతి చెప్పనక్కరలేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం విద్యుత్ అమరిక పనులను రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న గుత్తేదారు, అర్హత ధ్రువపత్రమున్న వ్యక్తి ప్రత్యక్ష పర్యవేక్షణలో చేయాలి. 2010 నాటి నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చినా ఈ సూత్రం మారలేదు. కనుక పని అప్పగించేటప్పుడు ఆ లైసెన్సు నకలు, అందులోని గడువు తేదీ చూసుకోవాలి. ఊళ్లో ఇళ్లకు వైరింగు చేసే కుర్రాడు మంచివాడే కావచ్చు. అతని చేత ఈ పని చేయిస్తే రేపు ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ అడిగే మొదటి ప్రశ్నకు సమాధానం ఉండదు.

హెచ్చరిక వ్యవస్థ తీగలను మామూలు కరెంటు తీగలతో ఒకే గొట్టంలో వేయకూడదు. మంటలను కొంతసేపైనా తట్టుకునే కేబుల్ వాడాలి. కరెంటు పోయినా పనిచేసేలా ప్యానెల్‌కు బ్యాటరీ ఉండాలి. వేసవి కోతలు తెలిసిన మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ప్యానెల్‌ను యజమాని గదిలో తాళం వేసి పెట్టకుండా, కింది అంతస్తులో ప్రవేశద్వారం సమీపంలో, రాత్రింబవళ్లు మనిషి ఉండే చోట పెట్టాలి. ఏ లైటు వెలిగితే ఏ అంతస్తులో ఏ భాగమో తెలిపే పటం పక్కనే ఉండాలి. దానిని తెలుగులో రాయిస్తే రాత్రి కాపలాదారుకు అక్కరకొస్తుంది.

పని పూర్తయ్యాక బిల్లు చెల్లించే ముందు ప్రతి డిటెక్టరునూ పరీక్షా పొగతో ఒక్కొక్కటిగా పరీక్షించి చూపమనాలి. కొత్త డిటెక్టర్లకు ధూళి పడకుండా ప్లాస్టిక్ తొడుగులు వస్తాయి. బిగించిన తరువాత వాటిని తీయకుండా వదిలేసిన భవనాలు అధికారుల తనిఖీల్లో తరచూ కనిపిస్తుంటాయి. ముక్కు మూసుకున్న డిటెక్టరు పొగను ఎలా పసిగడుతుంది?

మూల్యం చెల్లించిన చోట్లు

నిబంధనల పుస్తకంలోని ప్రతి వాక్యం వెనుకా ఒక విషాదం ఉంది. ఢిల్లీలో 1997 జూన్ 13న ఉపహార్ సినిమాహాలులో 59 మంది ఊపిరాడక మరణించారు. ప్రేక్షకులను సకాలంలో హెచ్చరించిన వారే లేరన్నది ఆ కేసులో ప్రధానంగా నిలిచిన అంశం. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో పాఠశాల వంటశాల నుంచి లేచిన మంటలకు 94 మంది చిన్నారులు బలయ్యారు. ఆ ఘటనపై దాఖలైన అవినాష్ మెహరోత్రా కేసులో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13న తీర్పు ఇస్తూ, భద్రమైన బడిలో చదువుకోవడం పిల్లల విద్యాహక్కులో భాగమని స్పష్టం చేసింది. పాఠశాలలకు అగ్నిమాపక పరికరాలు, సిబ్బందికి వాటి వాడకంలో శిక్షణ ఉండి తీరాలని ఆదేశించింది. విద్యాశాఖ అధికారులు గుర్తింపు దస్త్రంలో అగ్నిమాపక పత్రం కోసం పట్టుబట్టడానికి ఈ తీర్పే బలం.

2011 డిసెంబరు 9న కోల్‌కతాలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో సెల్లారులో మొదలైన మంట పొగ రూపంలో పై అంతస్తులకు పాకి 90 మంది దాకా ప్రాణాలు తీసింది. మరణించిన వారిలో అత్యధికులు మంచంపై ఉన్న రోగులు. 2019 మే 24న సూరత్‌లో శిక్షణ కేంద్రంలో 22 మంది విద్యార్థులు చనిపోయారు. వాణిజ్య భవనం పైకప్పు మీద వేసిన షెడ్డులో నడిచిన తరగతి అది. అటువంటి షెడ్డులు మన జిల్లా కేంద్రాల్లో ఎన్ని ఉన్నాయో మిద్దెల వైపు తలెత్తి చూస్తే చాలు.

దూరపు ఊళ్ల ముచ్చట కాదు. 2020 ఆగస్టు 9న విజయవాడలో కొవిడ్ సంరక్షణ కేంద్రంగా మార్చిన హోటలులో మంటలు లేచి 10 మంది మరణించారు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో విద్యుత్ ద్విచక్ర వాహనాల షోరూంలో చెలరేగిన మంటల పొగ మెట్ల మార్గం గుండా పైనున్న లాడ్జికి చేరి 8 మందిని పొట్టనబెట్టుకుంది. 2023 మార్చి 16న సికింద్రాబాద్‌లోనే స్వప్నలోక్ వాణిజ్య సముదాయంలో ఆరుగురు యువతీ యువకులు ఊపిరాడక చనిపోయారు. 2025 మే 18న పాతబస్తీ గుల్జార్ హౌజ్‌లో కింద దుకాణాలు, పైన నివాసం ఉన్న ఇంట్లో 17 మంది మృతి చెందారు. వీరిలో ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ. ముందుగా తెలిసిన కొద్ది నిమిషాలే ప్రాణాలకూ, శవాలకూ మధ్య తేడా. హెచ్చరిక గంట ఇచ్చేది ఆ కొద్ది నిమిషాలనే.

గుల్జార్ హౌజ్ ఉదంతం మరో లోపాన్నీ ఎత్తి చూపుతోంది. 18 మీటర్లకు లోపున్న నివాస గృహం 13వ సెక్షన్ పరిధిలోకే రాదు. ఇరుకు దారి, కింద దుకాణం, పైన సంసారం ఉన్న పాత ఇళ్లు మన ప్రతి పట్టణపు బజారు వీధిలోనూ ఉన్నాయి. వీరికి పత్రంతో పని లేదు. కానీ బ్యాటరీతో నడిచే చిన్న పొగ డిటెక్టరును మెట్ల దగ్గర పెట్టుకోవడానికి ఏ అనుమతీ అక్కరలేదు. చట్టం అడగలేదని మానుకోవలసిన ఖర్చు కాదది.

వాడకం మారితే అనుమతీ మారుతుంది

ఇంటిని వసతిగృహంగా, హోటలును ఆస్పత్రిగా, దుకాణాల సముదాయాన్ని జూనియర్ కళాశాలగా మార్చడం జిల్లాల్లో సర్వసాధారణం. భవనం అదే అయినా వర్గం మారింది కనుక పాత పత్రం చెల్లదు. కొత్త వర్గానికి తగిన మెట్లు, పరికరాలు, హెచ్చరిక వ్యవస్థ చూపి మళ్లీ అనుమతి పొందాలి. మిశ్రమ వినియోగ భవనాల్లో, అంటే కింద వాణిజ్యం, పైన చదువు సాగే చోట, చిక్కు మరీ ఎక్కువ. ఇటువంటి భవనాల్లోని జూనియర్ కళాశాలలకు అగ్నిమాపక పత్రం దొరకక అఫిలియేషన్ నిలిచిపోవడం, యాజమాన్యాలు సర్కారును మినహాయింపు కోరడం తెలంగాణలో పలు విద్యాసంవత్సరాలు పునరావృతమైంది. 2020లో హైకోర్టు విచారణ సందర్భంగా అగ్నిమాపక పత్రం లేని కళాశాలల మూసివేతకు ఇంటర్మీడియట్ బోర్డు నోటీసులిచ్చింది. నడుమ నలిగిపోయింది అప్పటికే రుసుములు చెల్లించి, పరీక్షలకు సిద్ధమైన పిల్లలు. పిల్లల్ని చేర్చే ముందు తల్లిదండ్రులు ఫలితాల ఫ్లెక్సీలతో పాటు ఈ పత్రాన్నీ చూపమని అడగవచ్చు. అడిగితే తప్పేమీ లేదు.

సినిమాహాళ్లకు 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, 1970 నాటి నియమావళి వర్తిస్తాయి. 'బి' ఫారం లైసెన్సు పునరుద్ధరణకు అగ్నిమాపక శాఖ పత్రం, విద్యుత్ తనిఖీ అధికారి ధ్రువీకరణ జతపరచాలి. 2021 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అధికారులు వరుస తనిఖీలు జరిపి, పత్రాలు సరిగా లేని అనేక హాళ్లను మూయించారు. ఆ తరువాత లోపాలు దిద్దుకోవడానికి నెల గడువిచ్చి తెరవనిచ్చారు. నెలలో చేయగలిగిన పనిని ఏళ్ల తరబడి ఎందుకు వాయిదా వేశారన్న ప్రశ్న అప్పుడూ ఎవరూ అడగలేదు.

సెల్లారుల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వాహనాలు నిలిపేందుకని ప్లానులో చూపి, ఆ తరువాత గోదాముగానో, ప్రయోగశాలగానో, మందుల దుకాణంగానో మార్చేస్తున్నారు. తాత్కాలిక పత్రంలో ఆమోదించిన పటానికి ఇది విరుద్ధం. స్వాధీన దశలోనో, పునరుద్ధరణ తనిఖీలోనో దరఖాస్తు తిరస్కరణకు గురయ్యే కారణాల్లో ఇదొకటి. కోల్‌కతాలోనైనా, సికింద్రాబాద్‌లోనైనా పొగ పైకి లేచింది అడుగు భాగం నుంచే.

పత్రం వచ్చాక..

అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఐఎస్ 2189 రోజువారీ, వారానికోసారి, మూణ్నెల్లకోసారి, ఏడాదికోసారి చేయవలసిన పరీక్షలను వేర్వేరుగా నిర్దేశించింది. రోజూ ప్యానెల్‌పై లోపం చూపే లైటు వెలుగుతోందేమో చూడాలి. వారానికోసారి ఒక్కో భాగంలో ఒక్కో మీట నొక్కి గంట మోగించాలి. ఇలా వంతులవారీగా భవనమంతా తిరిగి రావాలి. చేసిన ప్రతి పరీక్షనూ తేదీతో, సంతకంతో పుస్తకంలో రాయాలి. పునరుద్ధరణ తనిఖీకి వచ్చే అధికారి ముందు ఈ పుస్తకం తెరచి పెడితే మిగతా సంభాషణ సులువవుతుంది. ఒకే పెన్నుతో, ఒకే రోజున, ఏడాది సంతకాలన్నీ పెట్టిన పుస్తకాన్ని గుర్తుపట్టడం అనుభవమున్న అధికారికి కష్టం కాదు.

తప్పుడు గంట మోగిందని విసిగి ప్యానెల్‌ను ఆపివేయడం మన భవనాల్లో అన్నిటికన్నా సాధారణమైన జబ్బు. ఫంక్షన్ హాళ్లలో పెళ్లి సమయంలో హోమం పొగకు మోగుతుందని ముందే కట్టేస్తారు. తిరిగి వేసేవారుండరు. అవసరమైతే ఆ ఒక్క భాగాన్ని కొద్దిసేపు విడిగా ఆపి, అంతసేపూ అక్కడ ఒక మనిషిని కాపలా ఉంచి, ముహూర్తం కాగానే తిరిగి కలపాలి. ఎవరు ఆపారో, ఎప్పుడు కలిపారో పుస్తకంలో రాయాలి.

మరో అపోహ. గంట మోగితే అగ్నిమాపక కేంద్రానికి దానంతటదే కబురు వెళుతుందని చాలామంది నమ్ముతున్నారు. మన జిల్లాల్లోని భవనాల్లో సాధారణంగా అటువంటి అనుసంధానం ఉండదు. ఎవరో ఒకరు 101కి గానీ, 112కి గానీ ఫోను చేయవలసిందే. ఆ పని ఎవరిదో ముందే నిర్ణయించి, ఆ వ్యక్తి పేరు ప్యానెల్ పక్కన రాసిపెట్టాలి. భవనం చిరునామాతో పాటు దగ్గరి గుర్తు, శకటం రావలసిన దారి కూడా రాసి ఉంచితే కంగారులో తడబాటు తగ్గుతుంది. కేంద్రం ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉండే మండలాల్లో ఈ చీటీ విలువ మరింత ఎక్కువ.

దళారుల మాట నమ్మకండి

'పత్రం మేమిప్పిస్తాం, తనిఖీ ఉండదు' అని చెప్పేవారు ప్రతి పట్టణంలోనూ తారసపడతారు. తనిఖీ రోజుకు సిలిండర్లు అద్దెకు తెచ్చి, మర్నాడు తీసుకుపోయే ఏర్పాట్లు కూడా ఉన్నాయన్న ఆరోపణలు వినవస్తున్నాయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు, రుసుము కూడా ఆన్‌లైన్‌లోనే చెల్లించవచ్చు. రసీదు సంఖ్య ఆధారంగా దస్త్రం ఎక్కడున్నదీ చూసుకోవచ్చు. చేతికి వచ్చిన పత్రం అసలైనదా, కాదా అన్న అనుమానముంటే దాని సంఖ్యతో జిల్లా కార్యాలయంలో సరిచూసుకోవాలి.

ఎత్తు, విస్తీర్ణాల పరిమితులను, రుసుములను ప్రభుత్వాలు ఎప్పటికప్పుడు ఉత్తర్వుల ద్వారా సవరిస్తుంటాయి. రెండు రాష్ట్రాల భవన నిర్మాణ నియమావళులూ విభజన తరువాత వేర్వేరు దారుల్లో మారాయి. కనుక ఏలూరులో పనిచేసిన పద్ధతి ఖమ్మంలో పనిచేస్తుందనుకోరాదు. ప్లాను గీయించే ముందు భవనం కొలతలు, వాడకం ఒక తెల్లకాగితంపై రాసి జిల్లా అగ్నిమాపక అధికారి కార్యాలయంలో చూపితే, ఏ వర్గం కిందకు వస్తుందో, ఏ స్థాయి అధికారి పత్రం ఇస్తారో అక్కడే చెబుతారు. పాత భవనాల యజమానులైతే పురపాలక సంఘం లేదా పంచాయతీ ఆమోదించిన ప్లాను నకలు, విద్యుత్ బిల్లు, ఇదివరకటి పత్రం ఏదైనా ఉంటే అదీ వెంట తీసుకువెళ్లాలి.